నీళ్ల ఫిల్టరు కట్టే ముందు నీళ్లను పరీక్షించండి



మైలవరం, జమ్మలమడుగు పల్లెల్లో పెన్నా నీళ్లూ ఉన్నాయి, బోరు నీళ్లూ ఉన్నాయి. రెండింటిలోని దోషాలు వేరు. వృత్తివిద్య చదివే పిల్లలకు ఫిల్టరు కట్టడం నేర్పేటప్పుడు మొదట ఈ సంగతి చెప్పాలి.

ఎలా కట్టాలి?

ఈ ఇసుక ఫిల్టరును 1990లలో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాంజ్ రూపొందించారు.

1. సుమారు 90 సెం.మీ. ఎత్తు సిమెంటు తొట్టి తీసుకోవాలి. అడుగున 5 సెం.మీ. కంకర, దానిమీద 5 సెం.మీ. సన్న కంకర, ఆపైన 50 సెం.మీ.కు తగ్గకుండా సన్న ఇసుక పోయాలి. అన్నీ జల్లెడ పట్టి, శుభ్రంగా కడిగినవై ఉండాలి.

2. అడుగు నుండి పైకి వచ్చే గొట్టం మూతి ఇసుక మట్టం కంటే 5 సెం.మీ. ఎత్తున ఉండాలి. దానికి కుళాయి బిగించకూడదు.

3. ఇసుక చెదరకుండా పైన చిల్లుల పళ్లెం అమర్చాలి.

ఎలా పని చేస్తుంది?

ఇసుక పైన కంటికి కనపడని జీవుల పొర ఏర్పడుతుంది. రోగక్రిములను అది తినేస్తుంది. పొర బాగా తయారవడానికి 30 రోజుల వరకు పట్టవచ్చు. ఇసుకపై ఆ 5 సెం.మీ. నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి. ఎండితే పొర చస్తుంది. రోజూ నీళ్లు పోయాలి. వడపోసిన నీళ్లనూ కాచి, లేదా క్లోరిన్ కలిపి తాగడం మంచిది.

ఏది చేయలేదు?

బోరు నీళ్లలోని ఫ్లోరైడును ఇసుక ఆపలేదు. కాచినా అది పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లపై మచ్చలు వస్తాయి. ఇంకా ఎక్కువైతే పెద్దల కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ జబ్బును 1937లో నెల్లూరు జిల్లాలో గుర్తించారు. పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతి ఉంది గాని, మోతాదు నీటి పరీక్షను బట్టి వేయాలి, అంచనాతో వేయరాదు.

కాబట్టి విద్యార్థులారా, బోరు నీళ్లయితే ముందు గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ఫ్లోరైడు ఎక్కువైతే తాగడానికి, వంటకు వేరే నీళ్లు చూసుకోమని ఆ ఇంటివారికి చెప్పండి. తేటగా కనబడే నీళ్లను చూపించి భరోసా ఇవ్వకండి. దాహం తీర్చడం ప్రభువు మెచ్చే సేవ. అందులో నిజం చెప్పడం కూడా భాగమే.

తరగతిలో అడగండి: గొట్టానికి కుళాయి ఎందుకు పెట్టకూడదు? కాచిన నీళ్లలో ఫ్లోరైడు ఎందుకు మిగులుతుంది?