మాయకూ లెక్క ఉండాలి

రాకుమారులూ రాక్షసులూ ఉన్న కథలంటే నాకు చిన్ననాటి నుంచీ పిచ్చి. వయసుతో పాటు తగ్గుతుందన్నారు, తగ్గలేదు. శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏ పుస్తకం అట్ట ఊడి తిరిగొస్తుందో, ఏది కొత్త పెళ్లికూతురిలా బీరువాలోనే ఉండిపోతుందో చూస్తూ వచ్చాను. తీరిక దొరికినప్పుడు పిల్లల పత్రికలకు జానపద కథలూ రాశాను. ఇప్పుడు ఫాంటసీ నవల రాస్తున్నామంటూ కుర్రకారు కాయితాలు పట్టుకుని ఇంటికొస్తుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ వరస పెట్టాను.

1. మంత్రం చదివించే ముందు షరతు పెట్టండి.

‘పాతాళభైరవి’ 1951 నాటి సినిమా. నేపాళ మాంత్రికుడు అంతటివాడు కదా, ఉజ్జయిని దాకా వచ్చి ఓ తోటరాముడికి వల వేయడం దేనికి? సాహసవంతుడైన కుర్రవాణ్ణి బలి ఇస్తే తప్ప అమ్మవారు కరుణించదు గనక. ఆ మర్మం తెలుసుకున్న రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చి విగ్రహం సంపాదించాడు. ఆ విగ్రహానికి మంచీ చెడ్డా పట్టవు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పని చేసిపెడుతుంది. చెయ్యి మారగానే రాముడి మేడా పోయింది, రాకుమారీ పోయింది. తర్వాతి కథంతా ఆ ఒక్క షరతు మీదే నడిచింది.

నా దగ్గరికొచ్చే కథల్లో సగం ఇక్కడే బోల్తా కొడతాయి. కథానాయకుడు చిక్కుల్లో పడ్డప్పుడల్లా వాడికి కొత్త శక్తి ఒకటి పుట్టుకొస్తుంది. ఇక వాడి గురించి నేను భయపడటమెందుకు?

2. ఒక షరతు చాలకపోతే రెండు పెట్టి, వాటి మధ్య తగువు పెట్టండి.

విక్రమార్కుడు నోరు విప్పితే శవం చెట్టెక్కుతుంది. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. ‘చందమామ’ ఈ రెండే పెట్టుబడిగా దశాబ్దాల తరబడి బేతాళ కథలు నడిపింది. పాత ఇరవై ఐదు కథలు ఏ మూలకు? కొత్తవి రాయించుకున్నారు. షరతుల జోలికి మాత్రం పోలేదు.

3. ముందు మన ఇల్లు వెతకండి.

ఫాంటసీ అనగానే ఇంగ్లీషు పుస్తకాల పేర్లు చెప్పేవాళ్లకు నేను ‘కళాపూర్ణోదయం’ చేతిలో పెడతాను. 16వ శతాబ్దంలో పింగళి సూరన సొంతంగా అల్లిన కథ. నలకూబరుడి రూపంలో ఒకడు, రంభ రూపంలో ఒకతె, అసలెవరో నకిలీ ఎవరో తేలని జగడం. ఒళ్లో ఉన్న పసిపాప, మెడలోని మణి గుండెకు తగిలేసరికి, గడిచిన జన్మ సంగతులు చెప్పుకొస్తుంది. వీటన్నిటి మీదా ఇంకో ఎత్తు వేశాడు సూరన. ఇదంతా ఒకనాడు బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథట. బ్రహ్మ మాట పొల్లుపోదు కాబట్టి అందులోని వాళ్లు భూమ్మీద పుట్టి, ఆయన చెప్పినట్టే బతకాలి. కథ ముందు, మనుషులు తర్వాత! ఇంత తెగించిన ఊహ విదేశీ నవలల్లో నాకింతవరకూ తగల్లేదు. ప్రబంధ భాష కొరుకుడు పడకపోతే వచనంలో చదవండి, తప్పేం లేదు. ఎవరు ఎవరి రూపంలో తిరుగుతున్నారో పక్కన రాసుకోకపోతే మాత్రం దారి తప్పుతారు.

4. దయ్యాల్ని రాయడానికి దయ్యాల్ని నమ్మనక్కర్లేదు.

కొడవటిగంటి కుటుంబరావు హేతువాది. 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’ ఆయన చేతుల మీదుగానే వెళ్లింది. ఇంతకంటే చెప్పేదేముంది.

5. అద్భుతం పక్కన ఆకలి ఉండాలి.

1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి రెండు దశాబ్దాలకు పైగా ‘చందమామ’ సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు ఆ సీరియళ్ల మీద వేసేవారు కాదు. అన్యాయమే అంటాను. ‘మాయా సరోవరం’లో జయశీలుడు, సిద్ధసాధకుడు మాకు చుట్టాల్లాంటివాళ్లు, వాళ్లను పుట్టించినాయన ఎవరో మాత్రం తెలియదు. అడవులు, లోయలు, గూడేలు దాటుకుంటూ పోయే కథలవి. మీ వీరుడు కూడా నడిస్తే అలసిపోవాలి. పొద్దుగూకితే ఎక్కడ పడుకుంటాడో చూడాలి. అప్పుడే రెండు తలల రాక్షసుణ్ణి దింపినా నమ్ముతాం.

6. పెద్దవాళ్లు ఎందుకు చదువుతారో గమనించండి.

కష్టాలు మరిచిపోవడానికంటారు. బీరువాల మధ్య నాకు తోచింది వేరు. పగలంతా దస్తావేజులు రాసే ఒకాయన సాయంత్రమయ్యేసరికి మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ కోసం వచ్చేవాడు. పన్నెండు భాగాలు, ఒకటి ఇచ్చి ఇంకోటి. తోడొచ్చే పశువుల కాపరి కుర్రాడికి మజిలీకో కథ చెబుతానని మణిసిద్ధుడు ఒప్పుకున్నాడు, అంత దారిలోనూ ఆ మాట నిలబెట్టుకున్నాడు. దస్తావేజు లేదు, సాక్షి సంతకం లేదు. భస్మాసురుడికిచ్చిన వరాన్ని శివుడంతటివాడు వెనక్కి తీసుకోలేక పరుగందుకున్నాడు. ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన ఎర్త్‌సీ నవలలో మనిషి అసలు పేరు తెలిస్తే చాలు, వాడు మీ చేతిలో ఉన్నట్టే. అన్నమాటకు ఇంత బరువున్న చోటు బయట దొరక్కే జనం ఈ పుస్తకాల్లోకి వస్తారని నా అనుమానం. ఆ బరువు మీరే తేలిక చేస్తే ఇక వాళ్లకు మిగిలేదేముంది?

7. లెక్కల పుస్తకం ఒకటి పెట్టుకోండి.

టోల్కీన్ తన నవలలో ఏ రాత్రి చంద్రుడు ఎంత ఉన్నాడో కూడా సరిచూసుకున్నాడు. మీరు అంత చెయ్యకపోయినా ఊరికీ ఊరికీ ఎన్నాళ్ల నడకో రాసుకోండి. డ్రాగన్ కావాలంటే నాకేం అభ్యంతరం లేదు. అది ఏం తింటుందో, ఆ లోయలో మేకల మందలెన్నో, వాటిని కాసేవాళ్లు ఏమనుకుంటున్నారో కూడా రాసి పట్టుకురండి, కూర్చుని చదువుదాం.