ముందు కాగితం మీద తిరగెయ్యి

చిరంజీవి చిన్నికి,


ల్యాబ్‌లో మీ మేడమ్ స్ట్రింగ్‌ను తిరగేసే ‘స్ట్రరెవ్’ ఫంక్షన్ వాడొద్దన్నారని, ఒక్క లైన్లో అయ్యే పనికి ఇంత రాద్ధాంతం ఎందుకని మొన్న ఫోన్లో విసుక్కున్నావు. నేను మేడమ్ పక్షమేనమ్మా. ఆ ఫంక్షన్ సీ భాష ప్రమాణంలోనే లేదు; కొన్ని కంపైలర్లు సొంతంగా ఇస్తాయి, కొన్నిటిలో దొరకదు. అయినా నేను చెప్పాలనుకున్నది అది కాదు, ముందు కాగితం మీద తిరగేసి చూడమని.

పెన్సిలు తీసుకుని ఏడు గళ్లు గీయి. వాటికి 0 నుంచి 6 దాకా అంకెలు వెయ్యి. కడపను ఇంగ్లిష్ అక్షరాల్లో నింపు: కే, ఏ, డీ, ఏ, పీ, ఏ. ఆఖరి గడిలో స్ట్రింగ్ ముగింపును తెలిపే నల్. గడి అంకెను పట్టుకునే రెండు వేరియబుల్స్ తీసుకో: ఐ 0 దగ్గర, జే 5 దగ్గర. ఆ రెండు గళ్లలోని అక్షరాలను ఒకదాని చోట మరొకటి వచ్చేలా మార్చు, ఐని ముందుకీ జేని వెనక్కీ ఒక గడి జరుపు. మూడు మార్పిళ్లతో అయిపోతుంది. అక్కడ ఆగకుండా ఆరు సార్లూ తిప్పావనుకో, మార్చినవన్నీ మళ్లీ మారి కడప కడపలాగే ఉంటుంది. మార్చేటప్పుడు ఒక అక్షరాన్ని తాత్కాలిక వేరియబుల్ టెంప్‌లో దాచడం మరవకు.

నేర్చుకునే రోజుల్లో నేను జేని 6 దగ్గర పెట్టాను. నల్ వచ్చి మొదటి గడిలో కూర్చుంది. ప్రింట్ చేస్తే ఏమీ రాలేదు. గంటకు పైగా ఆ ఖాళీ స్క్రీన్ చూస్తూ ఉండిపోయాను. గళ్లు గీసుకున్నాకే తెలిసింది: నల్ కనపడగానే ప్రింటింగ్ ఆగిపోతుంది, నా అక్షరాలన్నీ దాని వెనక భద్రంగానే ఉన్నాయి. సీలో స్ట్రింగ్ అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

ఇది వచ్చాక ‘వికటకవి’ని తిరగేసి చూడు. మన కంటికి ఐదక్షరాలు, ఎటు చదివినా ఒకటే. యూనికోడ్‌కు మాత్రం ఏడు: వ, గుడి, క, ట, క, వ, గుడి. పైథాన్‌లో తిరగేస్తే ఒక గుడి మొదట్లో ఒంటరిగా వేలాడుతుంది, రెండోది పోయి ‘క’కు తగులుకుంటుంది. సీలో అయితే మరీ అన్యాయం. యూటీఎఫ్-8లో ఒక్కోదానికీ 3 బైట్లు, మొత్తం 21. బైటు బైటుగా తిరగేస్తే అసలు తెలుగే మిగలదు. హల్లునూ దాని గుణింతపు గుర్తునూ విడదీయకుండా కలిపి పట్టుకుని, అప్పుడు తిరగెయ్యాలి.

మరి ఒత్తులున్న మాటకు ఎలాగో నువ్వే ఆలోచించు. ఆదివారం ఫోన్ చేస్తాను, గళ్లు గీసిన కాగితం దగ్గర పెట్టుకో.

మీ మామయ్య