సంఘసేవకు కొలత ఏది?

చదువవలసిన భాగము: 1 కొరింథీ 3:5–9, 4:1–5



సంవత్సరాంతమున సంఘపు లెక్కల పుస్తకము తెరచినప్పుడు మనము మొదట దేనిని వెదకుచున్నాము? బాప్తిస్మములు ఎన్ని? కానుక ఎంత? మందిరమునకు పైకప్పు పడినదా? అంకె పెరిగినచో కాపరిని మెచ్చుకొందుము. పెరగనిచో, ఈయనను మార్చవలెనందుము. లెక్క వ్రాయుట తప్పు కాదు. అయితే ఆ లెక్కయే సేవకు కొలత యగునా?

మన తెలుగు నేలమీద జరిగిన సంగతినే తలంచుదము. శామ్యూల్ డే గారు 1836లో ఇండియాకు వచ్చి, 1840లో నెల్లూరులో సేవ నారంభించిరి. ఏండ్లు గడచినను చేరినవారు బహు కొద్దిమంది. 1853లో అమెరికా బాప్టిస్టు మిషనువారు ఈ సేవను మూసివేయుదమా యని ఆలోచించిరి. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జువెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండమీద మోకరించి ప్రార్థించిరి. 1866లో జాన్ క్లౌ గారు ఒంగోలు చేరిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ కథ చెప్పునప్పుడు మనము ఆ అంకెను గట్టిగా పలుకుదుము. దానికి ముందరి సంగతిని మరచెదము. 1876–78 కరువులో క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వు పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. వారిలో అనేకులు బాప్తిస్మము కోరిరి. ఆయన ఏడాదికి పైగా ఎవరికిని ఇయ్యలేదు. కడుపు కొరకు వచ్చితిమని ఎవరును పిదప చెప్పుకొనరాదని ఆయన తలంపు. కోరినచో వేల పేర్లు వ్రాసికొనగలిగిన నెలలలో ఆ పట్టీ ఖాళీగా నుండెను. కరువు సహాయము ముగిసిన తరువాత కూడ, ఏమియు ఆశింపక వచ్చినవారే ఆ నదిలో దిగిరి.

డే గారు ఆ దినమును చూడకయే 1871లో ప్రభువునందు నిద్రించిరి. ఆయన సేవ వ్యర్థమా? పౌలు నాటెను, అపొల్లో నీళ్లు పోసెను, పెరుగుదల దేవునిది. దుక్కి దున్నినవానికిని కోత కోసినవానికిని యజమానుడొక్కడే. గృహనిర్వాహకునియందు ఆయన వెదకునది నమ్మకత్వము.

అయితే ఒక హెచ్చరిక. కొద్దిమంది యున్నంత మాత్రమున మనము నమ్మకమైనవారమని కాదు. తలాంతును పాతిపెట్టిన దాసునికి కూడ ఇయ్యబడినది ఒక్కటే. సోమరితనమునకు ఈ పాఠము ముసుగు కారాదు.

కాబట్టి ఈ నెల కూటములలో మనలను మనమే అడుగుకొందము:

1. మందిరమునకు రాక మానినవారి యింటికి మనలో ఎవరు వెళ్లితిమి?
2. గట్టు తగాదాతో మాటలాడుకొనని అన్నదమ్ములను కలుపుటకు ప్రయత్నించితిమా?
3. వ్యాధిగ్రస్తుని మంచము ప్రక్క కూర్చున్న కాపరి శ్రమను ఏ లెక్కలో వ్రాసితిమి?
4. సంఖ్య కొరకు తొందరపడి, బోధింపకయే ఎవరినైనను చేర్చుకొంటిమా?

ఇవి రిపోర్టులో కనబడవు. ఆయినను ప్రభువు వచ్చునప్పుడు మరుగైనవి వెలుగులోనికి తేబడును. మెప్పు ఆయన యొద్దనుండియే కలుగును. అంతవరకు మన కాపరులను అంకెలతో కొలువక, వారి భారములో పాలు పొందుదము.