పురపాలక సంఘము - పౌరుని ఓటు

ఇంటికి యజమానుడు ఉన్నట్లే ఊరికిని యజమానులు ఉందురు. రాజుల కాలమున ఆ యాజమాన్యము కోటలో నుండెడిది. నేడది ఆ ఊర నివసించు స్త్రీపురుషులందరి చేతిలో నున్నది. వీధిలో మురుగు నిలిచినను, కుళాయికి నీరు రాకున్నను, రాత్రివేళ దీపము వెలుగకున్నను, ఆ లోపమును సరిచేయవలసినది పురపాలక సంఘము. నెల్లిమర్ల యొద్ద చంపావతీ నదినుండి విజయనగరమునకు వచ్చు నీరు ఏ వీధికి ఎంతసేపు అందవలెనో చూచునదియు అదియే. ఆ సంఘమును నిలుపునది ఓటు.

విజయనగర పురపాలక సంఘము 1888లో ఏర్పడెను. అంతకు ఆరేండ్లు ముందు, 1882లో, రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చి తీర్మానము చేసియుండెను. అయినను ఆనాడు ఓటు అందరిదియు కాదు. పన్ను చెల్లించు కొలదిమందికే అది దక్కెడిది. బండి తోలువాడును, బట్ట నేయువాడును, సంతలో కూరలమ్ము స్త్రీయు పట్టణమున నుండియు పట్టణపు పాలనలో లేనివారే. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము ఆ గోడను కూల్చెను. మొదట ఇరువదియొక సంవత్సరములు నిండినవారికే ఓటు ఉండెను. 1989 నుండి పదునెనిమిది నిండిన వారందరికిని లభించెను. 1993 జూన్ 1న అమలునకు వచ్చిన డెబ్బదినాల్గవ రాజ్యాంగ సవరణము పట్టణ పాలకసభలకు అయిదేండ్ల గడువు విధించెను. ఈ ఎన్నికలు జరుపు బాధ్యత రాష్ట్ర ఎన్నికల సంఘమునది.

కాని చట్టములో వ్రాయబడినదంతయు తనంతట తాను జరుగదు. 2021 మార్చి 10వ తేదీన విజయనగర నగరపాలక సంస్థలోని ఏబది డివిజనులకు ఎన్నికలు జరిగెను. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురము, ఇచ్ఛాపురము, పలాస-కాశీబుగ్గ పట్టణములును ఆనాడే ఓటు వేసెను. నాగావళీ తీరముననున్న శ్రీకాకుళమున మాత్రము 2014లోను, 2021లోను కూడ పురపాలక ఎన్నికలు జరుగలేదు. పరిసర గ్రామములను పట్టణమున కలుపుటను గూర్చిన వివాదము అందులకొక అడ్డంకి. ఎన్నికైన సభ లేనపుడు ప్రత్యేకాధికారి పాలించును. అధికారి ఎంత మంచివాడైనను, వీధిలో నిలబెట్టి, "నీకు ఓటు వేసినాము, మా కాలువ ఏమైనది?" అని అడుగుటకు వీలుండదు. ఓటు విలువ అది లేనిచోట బాగుగా తెలియును.

ఓటు వేయగోరువాడు ముందుగా ఓటర్ల జాబితాలో చేరవలెను. పురపాలక ఎన్నికలకై వేరుగా దరఖాస్తు పెట్టవలసిన పని లేదు. శాసనసభ ఓటర్ల జాబితానే వార్డులవారీగా విభజించి పురపాలక జాబితాను సిద్ధము చేయుదురు. అందుచేత మొదటి జాబితాలో పేరు లేనివానికి రెండవదానిలోను ఉండదు. భారత పౌరుడై, పదునెనిమిదేండ్లు నిండి, ఆ చోట సాధారణముగా నివసించుచున్న ప్రతివ్యక్తియు చేరవచ్చును. సొంత ఇల్లు ఉండనక్కరలేదు. అద్దె ఇంటివాడును అర్హుడే. ఒక ఊర ఇల్లు ఉన్నంతమాత్రమున అచ్చట ఓటు రాదు, నివాసమే ప్రధానము. రెండుచోట్ల పేరు ఉండుట చట్టవిరుద్ధము.

క్రొత్తగా చేరువారు ఆరవ నమూనా పత్రము నింపి, తమ ఛాయాచిత్రమును, వయస్సునకును నివాసమునకును తగిన ఆధారములను జతపరుపవలెను. ఆ పత్రమును తమ పోలింగు బూతు అధికారికి ఇయ్యవచ్చును. ఓటర్ల నమోదు అధికారి కార్యాలయమున ఇయ్యవచ్చును. ఎన్నికల సంఘము వారి వెబ్‌సైటు ద్వారాను పంపవచ్చును. రుసుము లేదు. 1950 అను సంఖ్యకు ఫోను చేసి సందేహములు తీర్చుకొనవచ్చును. ఇల్లు మారినపుడును, పేరులో తప్పు దొరలినపుడును ఎనిమిదవ నమూనా పత్రము వాడవలెను. మరణించినవారి పేరు తొలగించుటకు ఏడవది. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలు వయస్సు లెక్కించు దినములు. పదునేడేండ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసికొనవచ్చును.

ఉత్తరాంధ్రమునకు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. కూలికై చెన్నపట్టణమునకును, హైదరాబాదునకును, విశాఖపట్టణమునకును పోవు కుటుంబములు ఈ సీమలో అనేకము. తాళము వేసిన ఇల్లు చూచి, "వీరు ఇచ్చట లేరు" అని ఎవరైనను అనవచ్చును. అయితే తాత్కాలికముగా ఊరు విడిచినంతమాత్రమున నివాసము పోదని చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. మరియొకచోట స్థిరపడినవాడు మాత్రము తన ఓటును అచ్చటికి మార్చుకొనుట ధర్మము. సాధారణముగా ప్రతి సంవత్సరము ముసాయిదా జాబితా సంవత్సరాంతమునను, తుది జాబితా జనవరిలోను వెలువడును. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమునకో, సంక్రాంతికో ఇల్లు చేరినవారు ఒక్క గడియ వెచ్చించి జాబితాలో తమ పేరు చూచుకొనిన మేలు. నమోదు అధికారి నిర్ణయము అన్యాయమని తోచినచో జిల్లా ఎన్నికల అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. ఎన్నికల దినమున బూతు ముంగిట నిలిచి చింతించుటవలన ఫలము లేదు.

పోలింగు నాడు ఓటరు గుర్తింపు కార్డుగాని, ఆమోదింపబడిన మరియొక గుర్తింపు పత్రముగాని తీసికొని పోవలెను. అధికారి జాబితాలో పేరు సరిచూచి, వ్రేలిపై చెరగని సిరా పెట్టును. 2021 ఎన్నికలలో కాగితపు బ్యాలెట్టునే వాడిరి. అట్టిచోట మరుగున నిలిచి, నచ్చిన అభ్యర్థి గుర్తు నెదుట ముద్ర వేసి, సిరా మరియొక గుర్తునకు అంటకుండ మడిచి, పెట్టెలో వేయవలెను. ఎవరికి వేసినదియు ఎవరికిని చెప్పనక్కరలేదు. ఒకవేళ తన పేరిట అంతకుముందే మరియొకడు ఓటు వేసి పోయెనని తెలిసినచో ఓటరు వెనుదిరుగరాదు. తాను తానేయని రుజువు చేసికొని, "టెండరు ఓటు" కోరవలెను. గడువు వేళకు వరుసలో నున్నవారందరికిని ఓటు వేయు హక్కు కలదు.

ఓటునకు నోటు ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు రెండును నేరములే. నేరమని విడిచినను లెక్క చూడుడు. అయిదు వందల రూపాయలు పుచ్చుకొనినవాడు దానిని అయిదేండ్ల దినములకు, అనగా 1826 దినములకు పంచినచో రోజునకు ఇరువదియేడు పైసలు వచ్చును. ఆ ఇరువదియేడు పైసలకు అతడు తన వీధి దీపమును, తన కుళాయి నీటిని, అడుగు హక్కును అమ్ముకొనినవాడగును. అమ్మినదానిని గూర్చి పిదప అడుగుటకు నోరు రాదు.

ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలకు ఓటు హక్కు కలుగుటకు ఇంకను సుమారు అయిదేండ్లు కలవు. అది ఒక పాలకసభ ఆయుర్దాయము. అంతవరకు వారు చేయగల పని ఒకటి లేకపోలేదు. ఇంటిలో చదువురాని అవ్వయో, కూలికి పోయిన పెదతండ్రియో ఉన్నచో, ముసాయిదా జాబితా వెలువడినపుడు వారి పేర్లు వెదకి చూడవలెను. పేరు లేనిచో నమూనా పత్రము నింపి యిచ్చి సాయపడవలెను. చదువుకొనిన చదువునకు ఇంటిలోనే కలుగు మొదటి ప్రయోజనమది.