ఖడ్గమృగమును కాచిన పల్లెలు

ఖడ్గమృగ మనగనే అది అస్సాము అడవులకో ఆఫ్రికా ఖండమునకో చెందిన జంతువని మన బాలబాలికలు తలంతురు. కాని యొకానొక కాలమున నది మన కర్నూలు సీమయందును సంచరించెను. నేడు నంద్యాల జిల్లాలో చేరిన బేతంచెర్ల చెంత బిలస్వర్గ గుహలు కలవు. వానిని 1884వ సంవత్సరమున రాబర్టు బ్రూస్ ఫుట్ దొరయు, ఆయన కుమారుడును త్రవ్వించిరి. అచ్చట దొరకిన యెముకలను, దంతములను పరీక్షించిన లిడెక్కరు పండితుడు 1886లో అందొక ఖడ్గమృగమును గుర్తించి, మన ఊరి పేరిట దానికి ‘రైనోసెరస్ కర్నూలియెన్సిస్’ అని నామకరణము చేసెను. మనకు మిగిలినవి ఆ యెముకలును, ఆ పేరును మాత్రమే. ఆ జాతికి బంధువైన మృగము నేటికిని సజీవముగా నున్న యొక తావును గూర్చి తెలిసికొందము.

భారతదేశపు ఖడ్గమృగమునకు ముక్కుపై నొకటే కొమ్ముండును. అది యెముక కాదు. మన గోళ్లును వెండ్రుకలును ఏ పదార్థముతో నేర్పడినవో ఆ కెరటినే అదియును. దానియందు ఔషధగుణము లున్నవని నమ్మి కొందరు విశేషధన మిచ్చి కొనుటచే ఈ జంతువునకు ప్రాణాపాయము కలిగెను. ఆడుమృగము ఇంచుమించు పదునారు మాసములు గర్భము మోసి ఒక్క పిల్లనే యీనును. కావున ఒకదానిని చంపిన లోటు తీరుటకు సంవత్సరములు పట్టును.

నేపాళదేశమున చిత్వన్ అను లోయ కలదు. 1950 తరువాత అచ్చట మలేరియా జ్వరము అణగిపోగా, కొండసీమల జనులు దిగివచ్చి, అడవి కొట్టి సేద్యము సాగించిరి. 1970 నాటికి ఖడ్గమృగములు సుమారు నూరు మాత్రమే మిగిలెను. 1973లో ప్రభుత్వము జాతీయవనము నేర్పరచి, సైనికులను కాపుంచెను. 2000 నాటికి ఆ లోయలో వాని సంఖ్య 544 అయ్యెను. కాని అంతఃకలహముల కాలమున కావలి ఠాణాలు తగ్గిపోగా, 2005లో అది 372కు దిగెను. తుపాకి యొక్కటియే చాలదని దీనివలన స్పష్టమైనది.

వనము చుట్టునున్న పల్లెలకు రక్షణభారముతో పాటు లాభములోను భాగమిచ్చుట రెండవ మార్గము. 1996లో వనము చుట్టును ఒక మండలము నేర్పరచిరి. వనమునకు వచ్చు ఆదాయమున నూటికి 30 మొదలు 50 వంతుల వరకు ఆ మండలపు పల్లెల అభివృద్ధికి వినియోగింపవలెనని అచ్చటి శాసనము.

సౌరాహా గ్రామమునకు చేరువనున్న బాఘ్‌మారా వనమును చూడబోయినవారికి ఈ పద్ధతి కన్నులార గోచరించును. పశువులు మేసి బీడైన నేలలో 1989 మొదలు గ్రామస్థులు మొక్కలు నాటిరి. చెట్లును గడ్డియు పెరుగగా ఖడ్గమృగములు తమంత తామే వచ్చి చేరినవి. గ్రామస్థుల సంఘమే ఆ వనమును పాలించును. యాత్రికుల రుసుము సంఘమునకు చేరును. గడ్డియు వంటచెరకును నియమము ప్రకారము సభ్యులకు లభించును. చిత్వన్ పల్లెల యువకులు దళములుగా నేర్పడి, వేటగాండ్ర జాడలు కనిపెట్టుచుందురు.

అంతమాత్రమున కష్టములు తీరినవని తలపరాదు. రాత్రివేళ ఖడ్గమృగములు వరిచేలలో దిగును. రైతులు మంచెలెక్కి కావలి కాయుదురు. ఒక్కొక్కప్పుడు మనుష్యుల ప్రాణములును పోవును. అయినను 2011లో ఆ దేశమున ఒక్క ఖడ్గమృగమును వేటగాండ్ర పాలు కాలేదు. 2021 నాటి లెక్క ప్రకారము చిత్వన్‌లో 694, దేశమంతట 752 కలవు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతుబిడ్డలకు చేని కావలి క్రొత్త కాదు. మన నల్లరేగడి నేలలలో ఖడ్గమృగము లేదు గాని కృష్ణజింక కలదు. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు. దానిని వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము ననుసరించి నేరము. అది యుక్తమే. కాని మొలకెత్తిన ప్రత్తిని, వేరుసెనగను, కందిని మందలు మేసిపోయినప్పుడు విత్తనపు ఖర్చును, కూలియు, పంటయు పోగొట్టుకొనువాడు రైతు. జింక అందరి సొత్తయినప్పుడు నష్ట మొక్కనిపై బడుట న్యాయము కాదు. శాసనము చంపువాని చేతిని ఆపగలదు. కాని నష్టపడినవాని మనస్సున జింకపై ప్రేమ పుట్టింపజాలదు. నష్టమును పదిమందియు పంచుకొనినప్పుడే రైతు దానికి కావలివా డగును. చిత్వన్ పల్లెలనుండి మనము నేర్వవలసిన దిదియే.

ఇందు విద్యార్థులు చేయదగిన పనియు కలదు. తమ ఊరి చేలలో ఏ మాసమున, ఎన్ని జింకలు, ఏ పైరును, ఎంతమేర మేసినవో పెద్దల నడిగి ఒక పుస్తకమున వ్రాసి యుంచవచ్చును. పరిహారము కోరుటకైనను, జింకలకు వేరుగ మేతభూమి విడువవలెనని గ్రామసభలో అడుగుటకైనను అట్టి లెక్కయే ఆధారము. గుహలోని యెముకల నెంచుటకంటె చేలలో తిరుగు మందల నెంచుట మేలు గదా!