పౌర్ణమి కంటే అష్టమి మేలు

ప్రశ్న: టెలిస్కోప్ కొనమని పిల్లలు ఒకటే గొడవ. ఇంట్లో 10×50 బైనాక్యులర్స్ ఉన్నాయి. వాటితో డాబా మీంచి ఏమేం చూడొచ్చు? పౌర్ణమి దాకా ఆగాలా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: పౌర్ణమికి ఆగకండమ్మా. ఆ రోజు చంద్రుడి మీద ఎండ నేరుగా పడుతుంది. నీడలుండవు, కళ్లు జిగేల్‌మనడమే తప్ప ఏమీ తెలియదు. శుక్లపక్షంలో పంచమి నుంచి దశమి లోపు చూడండి. వెలుగూ చీకటీ కలిసే అంచు వెంబడి గుంటలన్నీ నల్లటి నీడలతో లేచి కనిపిస్తాయి. నవమి, దశమి నాటికి 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్ బిలం ఆ అంచుకు దగ్గరగా ఉంటుంది. చేతులు వణక్కుండా మోచేతులు పిట్టగోడకు ఆనించండి.

గురుడు కనిపించే నెలల్లో అతని పక్కన ఒకే వరసలో చిన్న చుక్కలు వెతకండి. 1610లో గెలీలియో చూసిన ఉపగ్రహాలే అవి. రోజుకో చోట ఉంటాయి కాబట్టి పిల్లలచేత బొమ్మ గీయించండి.

శని వలయాలు మాత్రం వీటితో విడిగా తెలియవు. కనీసం 60 మి.మీ. టెలిస్కోప్ కావాలి. అట్టపెట్టె మీద ‘525 రెట్లు’ అని ఉంటే వదిలేయండి. ఆ కటకంతో 120 రెట్లు దాటితే అంతా మసకే. స్టాండు ఊగితే అదీ దండగ.

పగలు సూర్యుడి వైపు తిప్పనివ్వకండి, చూపు పోతుంది.