చిన్న ట్రైలర్‌కి మంచినీళ్ల ట్యాంకు మనమే చేసుకుందాం

అమెరికాలో నేషనల్ పార్కుల క్యాంపుగ్రౌండ్లు చాలావాటిలో ట్రైలర్ పక్కన నీళ్ల కనెక్షన్ ఉండదు. కుళాయి ఎక్కడో ఓ చివర ఉంటుంది. టియర్‌డ్రాప్ లాంటి బుల్లి ట్రైలర్ కొన్నవాళ్లు 26 లీటర్ల (7 గ్యాలన్ల) క్యాన్‌ని ట్యాంకుగా మార్చుకుంటే, పొదుపుగా వాడే ఇద్దరికి వారాంతం వంటకీ గిన్నెలకీ సరిపోతుంది.

ముందు చోటు చూసుకోండి. నిండిన ట్యాంకులో నీళ్లే 26 కిలోలు. దాన్ని ఇరుసుకి సరిగ్గా పైనో, కాస్త ముందుకో పెట్టాలి. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలన్నది లెక్క. వెనక చివర బరువు పెరిగితే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది.

క్యాన్ తాగునీటి కోసమే తయారైనది, కొత్తది కావాలి. అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటే అది హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ అని మాత్రమే అర్థం, తాగునీటికి పనికొస్తుందని కాదు. ఈ ప్లాస్టిక్‌కి జిగురు పట్టదు. ఎం-సీల్ పూసేద్దాంలే అనే మన అలవాటు ఇక్కడ చెల్లదు. నీళ్ల గొట్టం తగిలించడానికి, క్యాన్ గోడకి నట్టుతో బిగించే అరంగుళం బల్క్‌హెడ్ ఫిట్టింగే దిక్కు. అది క్యాన్ మూతిలో దూరుతుందో లేదో కొనేటప్పుడే చూసుకోండి.

క్యాన్ అడుక్కి దగ్గరగా, చదునుగా ఉన్నచోట, ఫిట్టింగు మీద రాసిన సైజుకి హోల్‌సాతో రంధ్రం చేయండి. అంచు నున్నగా గీకి, తురుమంతా కడిగేయండి. అసలు తంటా ఇక్కడే: ఫిట్టింగు లోపల్నుంచి బయటికి రావాలి, మూతిలో చేయి పట్టదు. సన్నటి తీగని రంధ్రంలోంచి దూర్చి మూతిలోంచి పైకి లాగండి. రబ్బరు వాషరు తొడిగిన ఫిట్టింగుని దానికి గుచ్చి, తీగ కొస జారిపోకుండా మెలిపెట్టి, మెల్లగా బయటికి లాగండి. వాషరు లోపలివైపే ఉండాలి. నట్టుని చేత్తో బిగించి, పానాతో ఇంకో పావు చుట్టు తిప్పితే చాలు. కొన్ని ఫిట్టింగుల నట్టు ఎడమకి తిప్పితే బిగుస్తుంది, కంగారుపడకండి.

పైన గాలి గొట్టం తప్పనిసరి. అది లేకపోతే పంపు లాగేకొద్దీ క్యాన్ పక్కలు లోపలికి నొక్కుకుపోయి నీళ్లు ఆగిపోతాయి. గొట్టాన్ని ట్యాంకు కన్నా ఎత్తుకి తీసుకెళ్లి, కొస కిందికి వంచి, దోమల జాలీ కట్టండి.

పంపు సంగతి: నా ఓటు కాలితో తొక్కే పంపుకే. బ్యాటరీ గోల ఉండదు, నీళ్లూ వృథా కావు. కరెంటుదే కావాలంటే 12 వోల్టుల డయాఫ్రం పంపు, దానికి ముందు జాలీ, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టండి. ఫిట్టింగు నుంచి పంపుకీ, పంపు నుంచి ట్రైలర్ కుళాయికీ వేసే గొట్టాలు మాత్రం తాగునీటివే వాడండి.

క్యాన్ నింపి, కింద పాత పేపరు పరిచి రాత్రంతా వదిలేయండి. తెల్లారి పేపరు పొడిగా ఉంటే బెల్టులతో కదలకుండా కట్టేయవచ్చు. తర్వాత, వాసన కలపని మామూలు బ్లీచు లీటరు నీళ్లకి ఒక మిల్లీలీటరు చొప్పున కలిపి, కుళాయిలో ఆ వాసన వచ్చేదాకా పారించి, 4 గంటలు ఉంచండి. ఆ నీళ్లన్నీ పారబోసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి.

ఇల్లు చేరగానే ట్యాంకూ గొట్టాలూ ఖాళీ చేసి, మూత తీసి ఆరబెట్టండి. గడ్డకట్టే నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. చలికాలంలో పంపుని పగలగొట్టడానికి అది చాలు.